ఉప్పు వేయని ఊరు

నమ్మలేని వాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి, బట్టలు దులుపుకుని, దారి పట్టవచ్చు. సగంలో లేచి "ఇదెక్కడి చోద్యమయ్యా" అంటే మాత్రం ఊరుకునేది లేదు. ఇందులో ఒక్క అక్షరం పెంచింది లేదు. అసలు జరిగింది దీనికి రెండింతలు. వినేవాళ్ల గుండెలు తట్టుకోలేవేమోనని సగానికి తగ్గించి చెప్పడమే జరుగుతోంది.

చెంచయ్య స్వామి మఠం రాళ్లగుట్ట మీద ఉండేది. ఆయనకొక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. పక్కనున్న మోదుగాకుల కట్ట ముందుకు లాక్కుని విస్తరి కుట్టడం మొదలుపెడతారు. చిన్న ప్రశ్నకు ఒక విస్తరి, పెద్ద ప్రశ్నకు రెండు. కుట్టడం పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీద తనకే సిగ్గు పుట్టి, దండం పెట్టి లేచిపోయేవాడు. అలా పోగుపడ్డ విస్తళ్లతో చుట్టుపక్కల మూడు తాలూకాల పెళ్లిళ్లు గడిచిపోయేవంటే ఆ కాలంలో జనానికి ఎన్ని సందేహాలుండేవో మీరే ఊహించుకోండి.

మఠంలో ఇంకొక నియమం ఉంది. తిండి చప్పిడి. ఉప్పన్నది గడప దాటి లోపలికి రాకూడదు. స్వామి శిష్యుడు మాల్యాద్రి తొమ్మిదేళ్లుగా ఆ చప్పిడి కూడే తిని, ఏనుగును తోక పట్టి నిలబెట్టగలిగే బలం సంపాదించాడు. ఆ ప్రాంతాలకు ఏనుగు రాలేదు గనక సంగతి రుజువు కాలేదు, అంతే. అయితే అతని బలం కంటే అతని కోపం పెద్దది. మాల్యాద్రి గుట్ట మీద గొంతు పెంచితే కింద మేసే గేదెలు ఆ పూట పాలు చేపేవి కావు.

ఒకరోజు ఆ మాల్యాద్రి తన సొంత ఊరు చవిటిపాలెం వెళ్లి, అక్క వెంగమ్మను చూసి, రెండామడల దూరాన్ని ఒక్క ఊపిరిలో నడిచి తిరిగొచ్చాడు. వచ్చినవాడు కాళ్లు కూడా కడుక్కోలేదు. స్వామి ముందు నిలబడి అడిగేశాడు.

"సామీ! తానున్న ఊళ్లో సంతోషంగా ఉన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడైనా ఉన్నాడా? ఉంటే వాణ్ణి చూపించండి. లేకపోతే ఈ జనం ఆ ఊళ్లు పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారో అదన్నా చెప్పండి!"

అతని మంటకు కారణం లేకపోలేదు. చవిటిపాలెం నేల తెల్లగా పొక్కిపోయిన చవిటి నేల. అక్కడ జొన్న మోకాలి ఎత్తు పెరిగితే చూడటానికి పొరుగూళ్ల నుంచి బండ్లు కట్టుకొచ్చేవాళ్లు. ఇక నీళ్ల సంగతి. ఊరి బావి నీళ్లు ఎంత ఉప్పనంటే, తెలియక తాగిన కాకి మూడు రోజులు అరవడం మానేసి నాలుక బయటపెట్టుకు తిరిగింది. ఆ నీళ్లతోనే ఆ ఊరివాళ్లు ఏడు తరాలుగా వండుకు తింటున్నారు. అందుకని అక్కడొక ఆచారం స్థిరపడిపోయింది. పప్పులో గానీ కూరలో గానీ ఎవరూ ఉప్పు వేయరు. వేయవలసిన పని లేదు. బయటి ఊరి నుంచి కోడలు కాపురానికి వచ్చిందంటే, మొదటి రోజు వంటింట్లో అత్త ఆమె చేతిలోని ఉప్పు అందుకుని అటక మీద పెట్టేస్తుంది. అదే ఆ ఊళ్లో గృహప్రవేశం. కొన్నాళ్లకు కోడలు మరిచిపోతుంది. ఆమె అత్త అయ్యేనాటికి, అన్నంలోకి ఉప్పు వేయడమనే పని ఒకటి లోకంలో ఉందన్న మాటే ఎవరికీ గుర్తుండదు.

ఊరిని తిట్టుకోవడం మాత్రం మరిచేవాళ్లు కారు. తెల్లారి మొహం కడగకముందే బావి గట్టు మీద మొదలయ్యేది. "ఈ ఊరి మొహం మండ", "ఏ జన్మలో ఏ పాపం చేసుకుని ఇక్కడ పడ్డామో", "ఇది ఊరా, వల్లకాడా"... ఈ తిట్లన్నిటిలోకీ వెంగమ్మ తిట్లది పైచెయ్యి. ఆమె ఒకసారి తిట్టిన తిట్టు రెండోసారి తిట్టేది కాదు. ఆ పొద్దున అదంతా చెవులారా విని, "మరి ఎక్కడికైనా పోదాం రా అక్కా" అన్నందుకు, "ఎక్కడికిరా పోయేది, నీ తలకాయ!" అనిపించుకుని వచ్చాడు మాల్యాద్రి. అదీ అతని కడుపుమంట.

స్వామి ఆకుల కట్ట ముందుకు లాక్కున్నారు. ఒక విస్తరి కుట్టారు. రెండు కుట్టారు. పది దాటింది. మాల్యాద్రి కదల్లేదు. నలభయ్యో విస్తరి కుట్టి, పక్కన పెట్టి, స్వామి నోరు విప్పారు.

"జమీందారిణి కామాక్షమ్మ గారు తెల్లగుంట దగ్గర నలభై ఎకరాలు మఠం చెప్పినవాళ్లకు ఇస్తానంటున్నారు. నల్లరేగడి. తీపి నీళ్ల బావి ఉంది. పున్నమి సాయంత్రానికి అక్కడ నలభై పొయ్యిలు మండాలట. మండితే ఆ నేల వండుకున్నవాళ్లది. మండకపోతే పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం కట్టుకోవడానికి మరిదిగారికి ఇచ్చేస్తారట. మీ ఊరు ఎన్ని గడపలు?"

"నలభై సామీ!"

"అయితే ఈ విస్తళ్లు తీసుకుపో."

మాల్యాద్రి స్వామి పాదాలు ముట్టి, నలభై గడపలనూ పున్నమిలోగా తెల్లగుంట చేరుస్తానని మాట ఇచ్చాడు. విస్తళ్ల కట్ట నెత్తిన పెట్టుకుని మళ్లీ రెండామడలు నడిచాడు. ఈసారి ఊపిరి కూడా తీసుకోలేదు. ఊరి నడుమ నిలబడి సంగతి చెప్పాడు. పూలదండలు వేస్తారనుకున్నాడు పాపం.

"ఎందుకురా పోవడం? మా ఊరికేం తక్కువ?" అంది వెంగమ్మ, చీపురు చేత పట్టుకునే. "బాగాలేదని ఎవడన్నాడు? వాడి నాలుక పుచ్చిపోను!"

"నువ్వే అన్నావక్కా! మొన్న పొద్దున, బావి గట్టు మీద, ఊపిరి తీసుకోకుండా!"

"నేనంటే అంటాను. నా ఊరు, నా ఇష్టం. మఠం కూడు తినేవాడివి, అనడానికి నువ్వెవడివి?"

దాంతో మాల్యాద్రికి ఒళ్లు మండిపోయింది. ఊరి నడివీధిలో రోలు బోర్లించి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. మూడు రోజులు దిగలేదు. చిన్నప్పటి నుంచి తాను విన్న తిట్లన్నీ, ఏ గడపలో ఎవరు ఏ రోజు ఊరిని ఏమని తిట్టారో, పేరు పేరునా, పదం పొల్లు పోకుండా, ఆ గేదెలను బెదరగొట్టే గొంతుతో అప్పజెప్పడం మొదలుపెట్టాడు. తమ నోట వచ్చినప్పుడు కమ్మగా ఉన్న మాటలు ఇంకొకడి నోట వినేసరికి జనానికి చెవులు కాలాయి. మొదటి రోజు రాళ్లు విసిరారు. రెండో రోజు చెవుల్లో దూది పెట్టుకున్నారు. మూడో రోజు మధ్యాహ్నానికి, "నాయనా, నోరు కట్టెయ్, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం" అని బండ్లు కట్టారు.

సరిగ్గా పున్నమి నాటి పొద్దున నలభై బండ్లు తెల్లగుంట చేరాయి. మాల్యాద్రి ఒక్కడే నలభై ఇళ్ల సామానూ దించాడు. అలసట తెలియలేదు. నేలను ముద్ద చేసి పిసికితే నల్లగా చేతికంటింది. బావి నీళ్లు దోసిట పట్టి తాగితే కొబ్బరి నీళ్లలా ఉన్నాయి. సాయంత్రం కామాక్షమ్మ గారి గుమస్తా వచ్చి పొయ్యిలు చూసుకుంటాడు. అంతలో మొదటి భోజనం అందరికీ కలిపి ఒకే గంగాళంలో వండాలని నిర్ణయమైంది. వండటానికి వెంగమ్మ తప్ప ఇంకెవరున్నారు? ఆమె వండిన కందిపప్పు వాసనకు పొరుగూరి పెళ్లికొడుకులు పీటల మీద నుంచి లేచి వచ్చిన సందర్భాలున్నాయి. ఆమె కోడలు అంకాలు పప్పు ఏరింది, కడిగింది, పొయ్యి ఊదింది. మధ్యలో ఏదో చెప్పబోతే వెంగమ్మ గరిట ఎత్తింది. పిల్ల నోరు మూసుకుంది.

స్వామి కుట్టిన నలభై విస్తళ్లు పరిచి ఇంటికొక పెద్దను మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. అన్నం, పైన పప్పు, పైన నెయ్యి. మొదటి ముద్ద నోట పెట్టారు.

నలభై నోళ్లూ నమలడం మానేశాయి.

"థూ!" అన్నాడొక ముసలాయన. "ఇదేం పప్పే వెంగమ్మా? మట్టి తిన్నట్టుంది!"

వెంగమ్మ గంగాళంలో వేలు ముంచి నాకింది. ఆమె మొహం నల్లబడింది. "నా చెయ్యి కాదు మామా. నలభై ఏళ్ల చెయ్యి నాది. ఈ నేల మంచిది కాదు. చూడు, పప్పులో సారమే లేదు. ఈ చోటు పీల్చేసింది!"

అంతే, పంక్తి మొత్తం లేచింది. కట్టెలు మంచివి కావని ఒకరు. నీళ్లు జబ్బు నీళ్లని ఒకరు. ఈ దిబ్బ మీది అమ్మవారికి మనం వచ్చింది ఇష్టం లేదని ఇంకొకరు. "మా చవిటిపాలెంలో పప్పు ఎలా ఉండేదిరా! నాలుక మీద పెడితే ప్రాణం లేచొచ్చేది!" అని ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు. వారం కిందటి దాకా ఆ ఊరి మొహం మండాలన్న నోళ్లే అవి.

మాల్యాద్రి పరుగెత్తుకొచ్చి గంగాళంలోంచి గరిటెడు పప్పు తీసి నోట్లో పోసుకున్నాడు. తొమ్మిదేళ్ల చప్పిడి నాలుక అది. దానికి ఆ పప్పు అమృతంలా ఉంది.

"ఏం తక్కువైంది?" అని అరిచాడు. ఆ అరుపుకు తెల్లగుంట కొంగలు ఎగిరిపోయి మళ్లీ సంక్రమణం దాకా రాలేదు. "దేవతలకు పెట్టే తిండి ఇది! మీ నాలుకలు కోసి ఎండబెట్టాలి! పచ్చటి నేల ఇస్తే, తీపి నీళ్లు ఇస్తే, పప్పు బాగాలేదని లేచిపోతారా? మీకు ఏ ఊరిస్తే సుఖం? ఇంద్రుడి ఊరు రాసిచ్చినా అందులో దోమలున్నాయంటారు!"

"అమృతమంట!" అంది వెంగమ్మ, కాడి ఎత్తుతూ. "నువ్వే తాగు, తమ్ముడా. మేం పోతున్నాం."

బండ్లు కట్టేశారు. ముందు బండి వెంగమ్మది. మాల్యాద్రి వెనక నుంచి బండిని రెండు చేతులా పట్టుకుని మడమలు నేలలో దిగేశాడు. ఎద్దులు ముందుకు, మాల్యాద్రి వెనక్కి. ఎద్దులకే చెమటలు పట్టాయి. బండి బెత్తెడు కదిలితే ఒట్టు. అయినా ఒక బండిని ఆపగలడు గానీ ముప్పై తొమ్మిదింటిని ఎలా ఆపుతాడు? పొద్దు వాలుతోంది. గుమస్తా వచ్చే వేళ అవుతోంది. గడపలు కదిలితే నేల పోతుంది, గురువు పాదాల మీద పెట్టిన మాట పోతుంది. ఆ మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనేనని అన్నాడు తరువాత.

అప్పుడొచ్చారు చెంచయ్య స్వామి, మెల్లగా, గుట్ట దిగి. ఎవరినీ ఏమీ అడగలేదు. వెంట తెచ్చుకున్న విస్తరి పరుచుకుని కూర్చున్నారు. గురువు ఆకు ముందు కూర్చుంటే బండి తోలడం మర్యాద కాదు గనక అందరూ ఆగారు. వెంగమ్మ గొణుక్కుంటూనే వడ్డించింది. స్వామి మెతుకు మిగలకుండా తిని, చేయి కడుక్కున్నారు.

"వండింది ఎవరమ్మా?"

"నేనే సామీ. తప్పు నాది కాదు. ఈ చోటుది."

"పప్పు కడిగింది?"

"నా కోడలు. దాన్నడిగితే ఏం లాభం సామీ, బయటి ఊరిది. మన వంట దానికేం తెలుసు?"

స్వామి అంకాలు వైపు చూశారు, అంతే. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బండి చాటున నిలబడి ఉంది. భుజాలు అదురుతున్నాయి.

"ఏమే, నవ్వుతున్నావా?" అన్నాడు మాల్యాద్రి.

"నవ్వు కాదు మావయ్యా, మంట!" అంది అంకాలు. కొంగు తీసేసింది. మూడేళ్లుగా ఆ ఇంట్లో గొంతెత్తని పిల్ల గొంతు ఆ పూట మాల్యాద్రి గొంతుకు జవాబిచ్చింది. బండిలో చెయ్యి పెట్టి ఒక చిన్న గుడ్డ మూట తీసింది. "ఇది మా అమ్మ కట్టిచ్చిన ఉప్పు. కాపురానికొచ్చిన రోజు పప్పులో వేయబోతే అత్త చెయ్యి పట్టుకుంది. ఈ ఊళ్లో వేయమని అంది. సరే అన్నాను. అటక మీద పెట్టింది. సరే అన్నాను. సామాను దించేటప్పుడు దొరికింది. ఇందాక పొయ్యి దగ్గర చెప్పబోయాను. నోర్ముయ్, బయటిదానివి అంది. అత్తా, ఆ ఊళ్లో నీళ్లు వేసేవి. ఈ నీళ్లు వేయవు. ఒక్కరైనా వేయాలా వద్దా? ఇంకో మాట చెప్పనా? ఈ ఊళ్లో నేనొక్కదాన్నే బయటిదాన్ని కాదు. మనమందరం బయటివాళ్లమే!"

అంకాలు మూట విప్పి, గుప్పెడు తీసి, గంగాళంలో వేసి, రెండు చేతులా కలిపింది. మొదటి గరిట తెచ్చి అత్త ముందే పెట్టింది.

వెంగమ్మ తింది. ఇంకొంచెం పెట్టమని ఆకు చూపించింది. మూడోసారి కూడా చూపించింది. ఆమె వెనక పంక్తి మొత్తం, కాడికి కట్టిన ఎద్దులను అలాగే వదిలేసి, మళ్లీ కూర్చుంది. ఆ సాయంత్రం తెల్లగుంటలో వేళ్లు ఆకులను గీరే చప్పుడు అర కోసు దూరం వినిపించింది. మాల్యాద్రి కూడా, స్వామి ఎటో చూస్తున్నప్పుడు, ఒక ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. వెంటనే తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ల తరువాత అతని నాలుకకు చవిటిపాలెం గుర్తొచ్చింది. స్వామి అటువైపు తిరగడానికి చాలాసేపు పట్టింది.

తిని లేచినవాళ్లు ఇంటికొక పొయ్యి రాజేశారు. గుమస్తా వచ్చేసరికి నలభై పొయ్యిల పొగ లేచి ఆకాశాన్ని కప్పేసింది. పున్నమి చంద్రుడు దారి దొరక్క గంటసేపు ఆలస్యంగా ఉదయించాడు. నేల నిలిచింది.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున మాల్యాద్రి తెల్లగుంట నుంచి దూకుతూ గుట్టెక్కాడు. స్వామి విస్తరి కుడుతున్నారు.

"సామీ! మళ్లీ మొదలుపెట్టింది మా అక్క! తెల్లారకముందే బావి గట్టెక్కి తిడుతోంది. తీపి నీళ్లంట తీపి నీళ్లు, పూటకు గుప్పెడు ఉప్పు మింగే దరిద్రపు ఊరు అంటోంది! ఆమెను చూసి తక్కినవాళ్లూ అందుకున్నారు. నల్లమట్టి కాళ్లకు అంటుకుంటుందట, చెప్పులు ఊడిరావట! నేను వీళ్ల కోసం ఎద్దులతో పోట్లాడానే! అడుగుతున్నాను సామీ, ఏ ఊళ్లో అయినా వీళ్లకు సంతోషం ఉంటుందా?"

స్వామి పుల్ల గుచ్చుతూ అడిగారు. "గట్టు మీద నిలబడి తిడుతూ ఏం చేస్తోంది?"

"నీళ్లు తోడుతోంది."

"ఆ బావికి దూలం చెదలు తినేసిందన్నారే. గిలక దేనికి వేలాడదీశారు?"

"అదా సామీ? మాను దొరకలేదు. బండికి ముందు కాడిని మోసే నొగ ఉంటుంది చూడండి, అది కోసి దూలం వేశారు."

"ఎవరి బండి నొగ?"

"మా అక్క బండిదే. తనే కోయమంది. ఇంక ఆ బండి ఎందుకూ పనికిరాదు, కోళ్లు ఎక్కి కూర్చుంటున్నాయి."

స్వామి విస్తరి ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసి, కట్ట మీద పెట్టారు.

"అయితే తిట్టనీ" అన్నారు.

నమ్మకం కుదరని వాళ్లు తెల్లగుంట వెళ్లండి. ఆ దూలం ఇంకా బావి మీదే ఉంది. వెంగమ్మ పక్కన నిలబడి తిడుతుంటే, ఆ తిట్లు వింటూ నొగ మీద రంపం పెట్టింది వడ్రంగి ఓబులాచారి. ఆయన్నే అడగండి.